ఆ కడ్డీ ఎక్కడిది బావా?

మా ఆవిడ నన్ను తిట్టే తిట్లలో అన్నిటికన్నా పాతది ఒకటుంది: "మీ నోటికి బ్రేకుల్లేవు." పెళ్లయిన కొత్తలో అంది, నిన్న పొద్దున కూడా అంది. ఉక్కు కర్మాగారం మెషిన్ షాపులో ముప్పై ఏళ్లు లేతు మీదా, గ్రైండింగ్ మిషను మీదా పనిచేశాను. వెంట్రుకలో పదోవంతు తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేసేవాణ్ణి. మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం కొలతా లేదు, పాడూ లేదు. ఇక్కడ రాస్తున్నదంతా ఆ నోటి వల్ల ఒక మనిషికి జరిగిన అన్యాయం గురించే.

ఆ మనిషి నా స్నేహితుడు. ఉక్కునగరంలో మా పక్క బ్లాకు క్వార్టర్లో ఉండేవాడు. రోలింగ్ మిల్లులో షిఫ్టు డ్యూటీ. వాళ్లది విజయనగరం వైపు పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. మాది కృష్ణా జిల్లా; మా నాన్న పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాకు చుట్టరికమేమీ లేదు. ఈ ఊళ్లో మగవాళ్లు బావా అని పిలుచుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు కాబట్టి అతను నాకు బావ, నేను అతనికి బావ. వాళ్లావిడ నన్ను అన్నయ్యా అనేది.

మా సెక్టారు పార్కులో ఒక గుండ్రటి సిమెంటు తొట్టి ఉండేది. ఫౌంటెన్ కోసం కట్టారు. ఆ ఫౌంటెన్ నీళ్లు చిమ్మగా నేనెప్పుడూ చూడలేదు గానీ, తొట్టిలో మోకాలి లోతు నీళ్లు మాత్రం ఏడాదిలో ఎనిమిది నెలలు ఉండేవి. ఆదివారం పొద్దున్నే మేం ఆరుగురం అక్కడ చేరి మోటారు పడవలు నడిపేవాళ్లం. బొమ్మ పడవలే. నవ్వేవాళ్లు నవ్వుకోండి. యాభై దాటిన మగాళ్లు లుంగీలు ఎగ్గట్టుకుని, "ఒరే తిరగవే, తిరగవే" అని పడవను బతిమాలుతూ తొట్టి చుట్టూ పరిగెడుతుంటే వాకింగుకి వచ్చిన ఆడవాళ్లు మొహాలు తిప్పుకుని నవ్వుకునేవారు. మాకేం పట్టేది కాదు.

మా ఆటకి ఒకటే నిబంధన. పడవలో ఉన్న ప్రతి ముక్కా ఇంట్లో దొరికిన వస్తువుతో, ఇంట్లోనే తయారు కావాలి. కొన్నది వద్దు, ప్లాంటుది అసలే వద్దు. ఆ నిబంధన పెట్టింది నా స్నేహితుడే.

"పొద్దస్తమానం ఆ ఇనుముతోనే ఉంటన్నాం గదా బావా. ప్లాంటుది ఒక్క నట్టు తెచ్చినా అది మన పడవ అవదు. ఇంట్లో ఏటుంటే దాంతోనే సేద్దాం" అన్నాడు.

వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, మెషిన్ షాపులో రోజంతా అడిగిన కొలతకి ఇనుము కోసేవాడికి ఇంటికొచ్చి పౌడరు డబ్బా రేకుతో పంకా రెక్కలు కత్తిరించడం ఎంత కష్టమో ఏం చెప్పను! మా ఆవిడ వంటింటి కత్తెర మొండిబారిపోయింది. పాడైన టేప్‌రికార్డర్లు విప్పి మోటార్లు తీశాం. అరిగిపోయిన హవాయి చెప్పు కోసి వాషర్లు చేశాం. పాత గొడుగు పుల్లలు తెరచాప కొయ్యలయ్యాయి. ఎండిపోయిన బాల్‌పెన్ను రీఫిల్లు కడిగి, పంకా తిప్పే కడ్డీ దూరేందుకు గొట్టంలా అడుగున బిగించేవాళ్లం. వంటసోడా పోసి, దాని మీద ఫెవిక్విక్ చుక్క వేస్తే రాయిలా గట్టిపడుతుందని మాలో ఒకాయన కనిపెట్టాడు. ఆ వారమంతా ఆరిళ్లలోనూ వంటసోడా మాయం. మా ఆవిడ బజ్జీల పిండి కలుపుకుని డబ్బా తెరిచి చూసి, ఆ పూట నాకు అన్నం పెట్టలేదు.

నా స్నేహితుడు సెలవు రోజున తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకి వెళ్లేవాడు. చేపలు తెచ్చేవాడు, వాటితోపాటు ఐసు పెట్టే విరిగిన థర్మోకోల్ పెట్టెలూ అడిగి తెచ్చేవాడు; చేపలతో ఇంటికొచ్చినవే కాబట్టి అవీ ఇంటి సరుకేనని ఒప్పుకున్నాం. వాటిని చెక్కి, పాత బనీను గుడ్డలు జిగురుతో అంటించి, మీటరు పొడుగు ఓడ తయారుచేశాడు. పోర్టులో ఖనిజం మోసే ఓడ ఎలా ఉంటుందో అలాగే. దానికి నిచ్చెనలు కూడా పెట్టాడు, అగ్గిపుల్లలతో.

అందరికీ ఒకటే తంటా ఉండేది. మోటారు నుంచి వెనక పంకా దాకా వెళ్లే కడ్డీ. మేమందరం సైకిలు చక్రం పుల్లలు వాడేవాళ్లం. సైకిలు పుల్ల ఎంత సాగదీసి సరిచేసినా ఎక్కడో ఒకచోట రవ్వంత వంకర. ఆ వంకరకి పడవ మొత్తం దడదడలాడేది, రీఫిల్లు గొట్టంలోంచి నీళ్లు లోపలికి వచ్చేవి, పది నిమిషాలకి ఒక పక్కకి ఒరిగిపోయేది. మెషిన్ షాపు మనిషినని అందరూ నన్నే అడిగేవాళ్లు. నేను కూడా మూడు వారాలు కూర్చుని, పప్పుగుత్తి కాడ, హ్యాంగరు తీగ, ఇడ్లీ స్టాండు కడ్డీ, అన్నీ ప్రయత్నించాను. ఇడ్లీ స్టాండు గురించి ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను.

నాలుగో ఆదివారం నా పడవ ఇడ్లీ స్టాండు కడ్డీతో తొట్టిలోకి దిగింది. రెండు చుట్లు తిరిగి, గుడగుడమని, ముక్కు నీళ్లలోకి పెట్టేసింది. అందరూ చప్పట్లు కొట్టి ఈలలు వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. సరిగ్గా అప్పుడు నా స్నేహితుడు తన ఓడని నీళ్లలో వదిలాడు.

చప్పుడే లేదు. దడ లేదు, వణుకు లేదు. నీళ్లని కత్తితో కోసినట్టు తిన్నగా ఆ ఒడ్డుకి వెళ్లింది, తిరిగి వచ్చింది. అందరం నోళ్లు తెరుచుకుని చూశాం. నేను ఓడని ఎత్తి, తిరగేసి, కడ్డీని వేలితో తడిమాను. నునుపుగా, అద్దంలా ఉంది. గట్టి స్టీలు, వేడిచేసి చల్లార్చినది. రెండు చివర్లూ కోసి ఉన్నాయి, మధ్యలో ఉన్నది మాత్రం ఆకురాయితో వచ్చే నునుపు కాదు. అది మిషను మీద గ్రైండింగ్ చేసిన నునుపు. ఏళ్ల తరబడి నా చేతుల మీద పుట్టిన నునుపు, నాకు తెలియదూ? దానికి సరిపోయే బుష్, అంటే కడ్డీ ఆడే లోహపు గొట్టం, కూడా ఉంది.

"ఆ కడ్డీ ఎక్కడిది బావా?" అన్నాను.

"ఇంట్లోదే" అన్నాడు.

అక్కడితో ఊరుకోవాల్సింది. అసూయ అని ఇప్పుడు చెప్పగలను, అప్పుడు మాత్రం నిబంధన కోసం మాట్లాడుతున్నాననుకున్నాను. "ఇంట్లోదా? మీ ఇంట్లో ఉన్న గ్రైండరు ఇడ్లీపిండి రుబ్బేది ఒకటే గదా! దాంట్లో వేసి తిప్పావా?" అన్నాను. అందరూ ఘొల్లుమన్నారు. నవ్వు వినబడితే నాకు పూనకం వస్తుంది. "మిల్లు మెయింటెనెన్సు వాళ్లది కొట్టుకొచ్చావు గదూ? టిఫిన్ క్యారియరు అడుగు గిన్నెలో పెట్టావా, లుంగీలో దోపావా? నిబంధన పెట్టిన పెద్దమనిషివి, నువ్వే దొంగసరుకు తెస్తే ఎలా బావా?" అన్నాను.

అతను ఏదో చెప్పబోయాడు. పెదవులు కదిలాయి. నా వైపు చూశాడు, ఆ నలుగురి వైపు చూశాడు. ఆపైన నా చేతుల్లోంచి ఓడ తీసుకుని, తువ్వాలుతో తుడిచి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"చూశారా, నోట మాట రాలేదు" అన్నాను. నలుగురూ తలలూపారు.

తర్వాతి ఆదివారం అతను రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు. మాట మాత్రం తొట్టి దగ్గర ఆగలేదు. అతని మిల్లులో ఎవరో, "ఏటి బావా, ఇయ్యాల ఏటి తీసుకెల్తన్నావు?" అని వేళాకోళం చేశారట. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు అందరి సంచులూ చూసినట్టే అతనిదీ చూసినా, వెనక నిలబడ్డవాళ్లు అతని సంచి చూసే వంతు రాగానే దగ్గేవారట. ఇవన్నీ నాకు చేరుతూనే ఉన్నాయి. తప్పు చేసినవాడు పడతాడులే అనుకున్నాను. ఛీ, ఎంత సులువుగా అనుకున్నానో!

రెండు మూడు నెలలకి వాళ్లింటికి వెళ్లాల్సి వచ్చింది. అతని దగ్గర తెచ్చుకున్న చేతి డ్రిల్లు నా దగ్గరే ఉండిపోయింది. ఎదురుపడటం ఇష్టంలేక, అతను డ్యూటీలో ఉండే వేళ చూసుకునే వెళ్లాను. వాళ్లావిడ తలుపు తీసి, "రండన్నయ్యా, ఇటేపు రావడమే మానీసారు" అని కూర్చోబెట్టి, మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు ఆమె చేతిలో గిలగిల్లాడింది. సగం నీళ్లు నేల మీదే పడ్డాయి. ఆమె గబుక్కున ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని గ్లాసు నా ముందు పెట్టింది.

ఏం చెయ్యాలో తోచక తల తిప్పి గదిలోకి చూశాను. కిటికీ పక్కన ఎప్పుడూ కుట్టుమిషను ఉండేది. మా సెక్టారు ఆడవాళ్లలో సగం మంది జాకెట్లు ఆమే కుట్టేది, మా ఆవిడవి కూడా. ఈమధ్య కళ్లు ఆనడం లేదని కుట్టడం మానేసిందని మా ఆవిడ అన్నట్టు గుర్తు. ఇప్పుడు కాళ్లతో తొక్కే స్టాండూ, పైన చెక్కా ఉన్నాయి. మిషను ఉండాల్సిన చోట చెక్కలో కంత ఉంది.

"మిషనేదమ్మా?" అని అడిగాను.

"అదేటన్నయ్యా, మీకు కూడా సెప్పలేదా? ఆయన ఓడలో ఏసుకున్నారు గదా, దాని సూది కడ్డీ" అంది. ఆమె మొహంలో చిన్న నవ్వు. "మీరెలాగూ సూసీసారు గదా, నా సెయ్యి ఇలగైపోనాది. వణుకు జబ్బంట, తగ్గదంట. ఎవరికీ సెప్పొద్దని నానే ఒట్టేయించుకున్నాను. తెలిస్తే అందరూ వచ్చి అయ్యో పాపం అంటారు, నాను తట్టుకోలేను. మిషను ఇంకొకరికి ఇత్తే ఆ సప్పుడు పక్కీదిలోంచి వినబడతాది గదా. అందుకని ముక్కలుగా ఇప్పీయమన్నాను. పడవకేనా పనికొస్తాదని నానే ఇచ్చాను."

సూది కడ్డీ! సూదిని పట్టుకుని, బుష్‌లో పైకీ కిందకీ ఆడే కడ్డీ. గ్రైండింగ్ చేసిన గట్టి స్టీలు. ఇంటింటా ఉండే వస్తువు. ఇన్నేళ్ల పనివాణ్ణి, నునుపు పట్టుకున్నాను గానీ వస్తువు పట్టుకోలేకపోయాను.

"ఓడ బాగా నడుస్తందా అన్నయ్యా? ఈమద్దిన బయటికి తియ్యడం లేదు. అడిగితే నీళ్లు తక్కువున్నాయి అంటన్నారు" అంది.

అంటే అతను ఈమెకి ఏమీ చెప్పలేదు. ఈమె మాట కోసం అక్కడ నోరు మూసుకున్నాడు, ఈమె బాధపడుతుందని ఇక్కడా నోరు మూసుకున్నాడు. "బాగా నడుస్తుందమ్మా. అందరిలోకీ అదే బాగా నడుస్తుంది" అన్నాను.

ఆ రోజే అతని షిఫ్టు దిగే వేళకి బస్టాపు దగ్గర నిలబడ్డాను. అతను దిగాడు. చేతులు పట్టుకుని, "తప్పయిపోయింది బావా. మీ ఇంటికెళ్లాను. అంతా తెలిసింది. చెప్పుతో కొట్టు" అన్నాను. కళ్లనీళ్లు వచ్చేశాయి, సిగ్గేముంది చెప్పడానికి.

అతను చేతులు వెనక్కి తీసుకోలేదు. కోపం కూడా లేదు. "నాకు సెప్తే ఏటి లాభం బావా? నాను దొంగని కాదని నాకు తెలుసు గదా. తెలీనోల్లకి సెప్పు. ఆ నలుగురికీ సెప్పు" అన్నాడు. సంచి భుజానికి సర్దుకుని, "మా ఇంటిదాని సంగతి మాత్రం ఎత్తకు. 'పొరపాటు నాదే' అని నువ్వు ఒక్క ముక్క సెప్పు, సాలు" అన్నాడు.

సరేనన్నాను. రేపే చెబుతానన్నాను.

ఒక్క ముక్క! ఎంత తేలిక! కానీ ఆ ఒక్క ముక్క అన్నాక, "మరి కడ్డీ ఎక్కడిది?" అని అడగరూ? అడిగితే ఏం చెప్పాలి? ఇలా నాకు నేనే అడ్డుపుల్లలు వేసుకున్నాను. అసలు నిజం అది కాదు. నలుగురి ముందు నవ్వించిన నోటితో, అదే నలుగురి ముందు నేనొక వెధవనని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆదివారాలు గడిచాయి. తొట్టి దగ్గరికి నేనూ వెళ్లడం మానేశాను. అతను దారిలో కనబడితే ఒకటి రెండుసార్లు నా మొహంలోకి చూశాడు, అడగలేదు. తర్వాత అలా చూడడం కూడా మానేశాడు.

చివరికి అతని పదవీ విరమణ సభ జరిగింది. శాలువాలు, దండలు, స్వీటు పొట్లాలు. ఆమె ముందు వరసలో కూర్చుంది, కుడి చెయ్యి పమిట కింద దాచుకుని. ఆ నలుగురూ వచ్చారు, ఒకే వరసలో కూర్చున్నారు. దేవుడు చేతికిచ్చినట్టు మైకు నా చేతికి వచ్చింది. "మీరు స్నేహితులు గదా, రెండు మాటలు చెప్పండి" అన్నారు.

రెండు కాదు, ఇరవై నిమిషాలు మాట్లాడాను. అతని సమయపాలన గురించి చెప్పాను, చేపల పులుసు గురించి చెప్పాను, మిల్లులో ఎవరికి దెబ్బ తగిలినా ముందు అతనే పరిగెత్తడం గురించి చెప్పాను. నవ్వించాను కూడా. చెప్పాల్సిన ముక్క నాలుక చివరికి మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ మింగేశాను. నేను మాట్లాడినంతసేపూ అతను కుర్చీలో ముందుకి వంగి, దేనికోసమో వింటున్నట్టు విన్నాడు. "నమస్కారం" అని మైకు పెట్టేశాక వెనక్కి వాలాడు.

కిందికి వచ్చాక, "బాగా మాటాడావు బావా" అన్నాడు. అంతే.

క్వార్టరు ఖాళీచేసి వాళ్లు ఊరెళ్లిపోయారు. ఏడాదికి నేను కూడా రిటైరయి గాజువాకలో ఫ్లాటు తీసుకున్నాను. ఫోన్లు నడుస్తూనే ఉన్నాయి. పంటలు, మోకాళ్ల నొప్పులు, మందులు. ఈ మధ్య ఒకసారి, ఆమెకి జబ్బు ముదిరిందనీ, అన్నం తనే కలిపి పెడుతున్నాననీ చెప్పాడు. "ఇప్పుడు ఊరందరికీ తెలిసిపోనాది బావా. దాయడానికి ఏటీ లేదు" అన్నాడు. ఆ మాట నాకోసమే అన్నాడని ఫోను పెట్టాక అర్థమైంది. ఇన్నేళ్లూ నేను పట్టుకుని వేలాడిన సాకు ఆ రోజు అతనే తీసేశాడు.

పోయిన నెల కళ్లజోడు పనిమీద సిటీలో ద్వారకా నగర్ వెళ్లాను. అక్కడి బస్సుల కాంప్లెక్సు దగ్గర టీ తాగుతుంటే వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. ఆ నలుగురిలో ఒకాయన, వంటసోడా కనిపెట్టిన మనిషి. ఒకరి బట్టతల ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. పడవల మాట వచ్చింది. ఆయనే అన్నాడు, "ఆయన ఎలగున్నాడు బావా? అదే, ప్లాంటులో కడ్డీ కొట్టుకొచ్చాడు సూడు, పెద్ద ఓడ..."

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఈసారి మింగలేదు. మొత్తం చెప్పాను. కుట్టుమిషను, సూది కడ్డీ, ఆమె చెయ్యి, ఒట్టు, అన్నీ. రోడ్డు మీద జనం చూస్తున్నా ఆపలేదు. "ఆ మాట పుట్టించింది నేను. ఆయన తన జన్మలో ప్లాంటుది ఒక్క మేకు ముట్టుకోలేదు" అన్నాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. "నువ్వు మంచోడివి బావా. ఇన్నేల్లయినా నేస్తుణ్ణి ఎనకేసుకొత్తన్నావు" అన్నాడు.

"ఎనకేసుకురావడం కాదు మహానుభావా! అన్నది నేనే!"

"నువ్వా? ఊరుకో. నువ్వలాటి మాట అనే మనిషివి కాదు. ఎవరన్నారో నాకు గేపకం లేదు గానీ, నువ్వు మాత్రం కాదు. పోన్లే, ముసిలోడైపోనాడు, ఎప్పుడో సేసిన తప్పు, ఇప్పుడెందుకు?" ఆయన బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

సాయంత్రం నేనే ఫోన్ చేశాను. "బావా, ద్వారకా నగర్‌లో మన వంటసోడా ఆయన కనబడ్డాడు. చెప్పేశాను. అంతా చెప్పేశాను" అన్నాను.

అటువైపు టీవీ చప్పుడు ఆగిపోయింది. ఆపైన, "నమ్మినాడా?" అన్నాడు. ఆ గొంతులో అంత ఆత్రం ఎప్పుడూ వినలేదు నేను.

"నమ్మాడు" అన్నాను.

ఊపిరి వదలడం వినబడింది. తర్వాత ఏదో సంచీ వెతుకుతున్న చప్పుడు, కాయితాలు తిరగేస్తున్న చప్పుడు. "మిగిలిన ముగ్గురి ఫోను నంబర్లూ నాకాడ ఉన్నాయి బావా. అప్పట్నుంచీ ఉంచాను. రాసుకుంటావేటి?"

"చెప్పు" అని పెన్ను కోసం వెతికాను.